అమెరికాలో కౌంటీ పార్టీ కమిటీ: లోపలికి ఎలా వెళ్లాలి, వెళ్లాక ఏం చేయాలి

నవంబరు ఎన్నికలు దగ్గరపడితే మన వాట్సాప్ గ్రూపుల్లో రాజకీయం పొంగిపోతుంది. ఎవరికి ఓటేయాలి, ఎందుకు వేయకూడదు అని తెల్లవారుజాము దాకా ఫార్వర్డులు. అదే గ్రూపులో "మీ ఇల్లు ఏ ప్రిసింక్ట్‌లో ఉంది, దానికి మీ పార్టీ తరఫున ప్రిసింక్ట్ చైర్ ఎవరు" అని అడిగి చూడండి, ఒక్కరూ పలకరు. ప్రిసింక్ట్ అంటే ఓటింగ్ కోసం కౌంటీలో గీసిన చిన్న ప్రాంతం, ప్రిసింక్ట్ చైర్ అంటే అక్కడ పార్టీ పని చూసే మనిషి. కనుక్కుంటే చాలాచోట్ల ఆ సీటు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ సీటులోకి ఎలా వెళ్లాలి, వెళ్లాక కౌంటీ కమిటీలో పని ఎలా నడుస్తుంది అన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను.

టెక్సాస్ లెక్కన చెబుతాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కేటీ వైపు మనవాళ్లు ఎక్కువ, పైగా అక్కడ రెండు పెద్ద పార్టీల కమిటీలకూ రూల్సు రాష్ట్ర ఎన్నికల చట్టంలోనే ఉన్నాయి కాబట్టి మీరు డెమోక్రాట్ అయినా రిపబ్లికన్ అయినా ఇదే దారి. వేరే రాష్ట్రాల్లో పేర్లు మారతాయి. వాషింగ్టన్‌లో ఇదే పదవిని ప్రిసింక్ట్ కమిటీ ఆఫీసర్ అంటారు, పెన్సిల్వేనియాలో కమిటీ పర్సన్, మేరీల్యాండ్‌లో కౌంటీకి ఒక సెంట్రల్ కమిటీ ఉంటుంది. తేదీలు, ఫారాలు మాత్రం మీ రాష్ట్రానివి చూసుకోండి.

మన ఊరి పార్టీ లెక్క పక్కన పెట్టండి

మనకు అలవాటైన పద్ధతి వేరు. జిల్లా అధ్యక్షుడెవరో పైన తేలుస్తారు, జాబితా కిందికి వస్తుంది, ఎన్నికలప్పుడు బీ ఫారం ఎవరి చేతికిస్తే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ అలా కాదు. ప్రిసింక్ట్ చైర్‌నీ కౌంటీ చైర్‌నీ కూడా సరి సంవత్సరం మార్చిలో జరిగే ప్రైమరీలో (పార్టీ అభ్యర్థులెవరో తేల్చే ఎన్నిక) ఆ పార్టీ ఓటర్లే ఎన్నుకుంటారు, రెండేళ్ల పదవి. కౌంటీ చైర్, ఆ కౌంటీలోని ప్రిసింక్ట్ చైర్లు అందరూ కలిస్తే కౌంటీ ఎగ్జిక్యూటివ్ కమిటీ. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి, ఏ కౌంటీ కమిటీ ఆ కౌంటీదే.

టికెట్ ఇచ్చేది కూడా కమిటీ కాదు, ప్రైమరీలో ఓటరు. చైర్‌ని మంచి చేసుకుంటే టికెట్ వస్తుందనుకుని డిన్నర్లకు డబ్బు పోసేవాళ్లు ఉంటారు. ఆ డిన్నర్లో ఫొటో వస్తుంది, టికెట్ రాదు.

మరి కమిటీ చేతిలో ఏముంది? చాలానే ఉంది. టెక్సాస్‌లో ప్రైమరీ నడిపే బాధ్యత చట్టప్రకారం పార్టీదే (కౌంటీ ఎన్నికల ఆఫీసుతో ఒప్పందం చేసుకుని వాళ్లతో చేయించుకోవచ్చు). అభ్యర్థుల దరఖాస్తులు తీసుకోవడం, బ్యాలెట్ మీద పేర్ల వరసకు చీటీలు తీయడం, ఫలితాలను ఖరారు చేయడం, పోలింగ్ కేంద్రాల్లో ఎన్నికల జడ్జిలుగా (అక్కడ పోలింగ్ నడిపే అధికారులు) ఎవరుండాలో పేర్లు పంపడం, ప్రిసింక్ట్ ఖాళీలు నింపడం, కౌంటీ స్థాయి పదవికి ప్రైమరీలో గెలిచినవాళ్లు చనిపోయినా అనర్హులైనా వాళ్ల స్థానంలో ఇంకొకర్ని నిలబెట్టడం. మేరీల్యాండ్‌లో అయితే ఇంకో మెట్టు పైనే: అసెంబ్లీ సీటు మధ్యలో ఖాళీ అయితే కౌంటీ సెంట్రల్ కమిటీ పేరు సూచిస్తుంది, గవర్నర్ నియమిస్తారు.

ముందు మీకు అర్హత ఉందా చూసుకోండి

ప్రిసింక్ట్ చైర్ కావాలంటే ఆ ప్రిసింక్ట్‌లో ఉంటూ అక్కడే ఓటరై ఉండాలి, అంటే పౌరసత్వం ఉండి తీరాలి. కౌంటీ, రాష్ట్ర, ఫెడరల్ స్థాయిలో ఎన్నికైన పదవిలో ఉన్నా, అలాంటి పదవికి పోటీ చేస్తున్నా కుదరదు. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఆ లెక్కలోకి రావు.

టెక్సాస్‌లో ఓటరు నమోదప్పుడు పార్టీ రాయించుకునే పద్ధతి లేదు. ఏ పార్టీ ప్రైమరీలో ఓటేస్తే ఆ ఏడాదికి ఆ పార్టీ మనిషి. అందుకే ఒకే ఏడాది ఆ పార్టీ ప్రైమరీలో ఓటేసి ఈ పార్టీ కమిటీలోకి వస్తానంటే ఒప్పుకోరు. మీరు ఏ ప్రైమరీలో ఓటేశారన్నది పబ్లిక్ రికార్డు. ఎవరికి వేశారన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

గ్రీన్‌కార్డు, హెచ్1బీ వాళ్ల సంగతి కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేస్తే ఇమిగ్రేషన్ దాకా వెళ్తుంది. పౌరసత్వం లేకుండా ఓటరుగా నమోదు కావడం, ఓటేయడం నేరం, దేశం నుంచి పంపేయడానికి కూడా దారి తీస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర "ఓటరుగా నమోదు చేయాలా" అనే గడిలో ఏమరుపాటున టిక్ పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. విరాళం విషయానికొస్తే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం ఇవ్వచ్చు. హెచ్1బీ, ఎఫ్1, ఎల్1 మీద ఉన్నవాళ్లు ఏ స్థాయి ఎన్నికకైనా ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పని చేయొచ్చు: ఫోన్లు చేయడం, కవర్లు అంటించడం, ఇంటింటి ప్రచారానికి తోడు వెళ్లడం. కానీ ఎన్నికల డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి అనే నిర్ణయాల్లో కూర్చోకూడదు. డిన్నర్ టికెట్ కొనడం కూడా విరాళమే, "భోజనం ఖర్చే కదా" అంటే చెల్లదు.

ప్రిసింక్ట్ కనుక్కోండి

మీ ఓటరు కార్డు మీదే ఉంటుంది. కాకపోతే ఆ కార్డు మీద కమిషనర్ ప్రిసింక్ట్, జస్టిస్ ఆఫ్ పీస్ ప్రిసింక్ట్ అని వేరే నంబర్లు కూడా ఉంటాయి, అవి ఒకటో రెండో నాలుగో అని చిన్న అంకెలు. మీకు కావాల్సింది ఓటింగ్ ప్రిసింక్ట్ నంబరు. ఒక్కో ప్రిసింక్ట్‌లో 100 నుంచి 5,000 మంది దాకా ఓటర్లు ఉండాలని చట్టం.

ఏ కౌంటీయో కూడా సరిగ్గా చూసుకోండి. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో పరుచుకుని ఉంది. కేటీ అయితే హ్యారిస్, ఫోర్ట్‌బెండ్, వాలర్ మూడింట్లో ఉంది. పక్క వీధి స్నేహితుడు రమ్మన్నాడని వెళ్తే అది మీ కౌంటీ మీటింగ్ కాకపోవచ్చు.

తర్వాత కౌంటీ పార్టీ వెబ్‌సైట్‌లో ప్రిసింక్ట్ చైర్ల జాబితా చూడండి. మీ నంబరు పక్కన పేరు లేకపోతే సీటు ఖాళీ. జాబితా పాతదై ఉండొచ్చు, కాబట్టి ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి అడగండి. ఖాళీగా ఉంటే వాళ్లు సంతోషంగా జవాబిస్తారు. సీటులో మనిషి ఉన్నా నిరాశ పడకండి, ఆ చైర్‌నే కలిసి సాయం చేస్తానని చెప్పండి. పని చేసే చైర్‌కి మనుషుల కరువు ఎప్పుడూ ఉంటుంది, పని చేయని చైర్ అయితే వచ్చే ప్రైమరీలో మీరే నిలబడొచ్చు.

రెండు దారులు

ఒకటి, ప్రైమరీలో పోటీ. బేసి సంవత్సరం సెప్టెంబరు మధ్య నుంచి డిసెంబరు రెండో సోమవారం సాయంత్రం ఆరు దాకా దరఖాస్తు ఇవ్వచ్చు. ఫీజు లేదు, సంతకాలు సేకరించక్కర్లేదు, ఒక ఫారం నింపి నోటరీ చేయించి కౌంటీ చైర్‌కి ఇవ్వాలి. పేరు ఓటరు రికార్డులో ఉన్నట్టే రాయండి. మన పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా అనే తికమక ఈ ఫారాల్లోనే బయటపడుతుంది. ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం, రనాఫ్ (ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత) మే నెలలో, ఆ రనాఫ్ అయిన దాదాపు మూడు వారాలకు పదవీకాలం మొదలవుతుంది.

రెండోది నియామకం. సీటు ఖాళీగా ఉంటే కమిటీ తన మీటింగులో ఓటేసి నింపుతుంది. మనవాళ్లలో ఎక్కువమందికి ఇదే సులువు. కౌంటీ చైర్‌కో ఖాళీల సంగతి చూసే సబ్‌కమిటీకో చెప్పండి, చిన్న ఇంటర్వ్యూ లాంటిది ఉండొచ్చు, మీటింగుకి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడాల్సి రావచ్చు. ఆ రెండు నిమిషాల్లో మీ ఉద్యోగం, మీ డిగ్రీలు చెప్పకండి. మీ ప్రిసింక్ట్‌లో ఏ అపార్ట్‌మెంట్లున్నాయి, ఎవరి తలుపులు తడతారు, మొదటి నెలలో ఏం చేస్తారు అనేది చెబితే చాలు.

మొదటి మీటింగు

మన సభల్లా దండలు, జ్యోతి ప్రజ్వలన ఉండవు. దేశభక్తి ప్రతిజ్ఞ అయ్యాక హాజరు తీసుకుంటారు, కోరం (ఓటింగ్‌కి కావాల్సిన కనీస హాజరు) ఉందో లేదో లెక్కపెడతారు, పోయిన మీటింగు మినిట్స్ (ఏం జరిగిందో రాసిన నోట్సు) ఆమోదిస్తారు, ట్రెజరర్ లెక్క చెబుతారు, సబ్‌కమిటీలు రిపోర్టులిస్తాయి, తర్వాత పాత పని, కొత్త పని.

కోరం అనేది చాలా కమిటీలకు తలనొప్పి. పేరుకు వందలమంది సభ్యులు, వచ్చేది కొద్దిమంది. ప్రాక్సీ కుదరదు, మీ తరఫున మీ ఆవిడో మీ స్నేహితుడో వెళ్లి చెయ్యెత్తడానికి లేదు. కోరం లేకపోతే ఓటింగ్ ఉండదు, అందరూ ట్రాఫిక్‌లో గంట వచ్చి కబుర్లు చెప్పుకుని వెళ్లిపోవాలి. అందుకని కొత్త సభ్యుడిగా మీరు ఇచ్చే మొదటి సాయం క్రమం తప్పకుండా హాజరవడమే. నవ్వొద్దు, నిజంగానే చెబుతున్నాను.

ముందురోజే బైలాస్ (కమిటీ సొంత నియమావళి) తెప్పించుకుని చదవండి, పది పదిహేను పేజీలుంటుంది. అందులో లేనిదానికి సాధారణంగా రాబర్ట్స్ రూల్స్ అనే సభా నియమాలు వాడతారు. మొత్తం బట్టీ పట్టనక్కర్లేదు. తీర్మానం ఎలా పెట్టాలి, దాన్ని ఇంకొకరు బలపరచాలి, సవరణ ఎలా అడగాలి, చర్చ ముగించి ఓటుకు వెళ్లమని ఎలా అడగాలి, రూల్ తప్పితే "పాయింట్ ఆఫ్ ఆర్డర్" ఎప్పుడు లేవనెత్తాలి, ఈ ఐదూ వస్తే గదిలో సగంమంది కంటే మీరే నయం. ముఠాలు ఇక్కడా ఉంటాయి, కాకపోతే ఇక్కడి ముఠా గొడవలు అరుపులతో కాకుండా పాయింట్ ఆఫ్ ఆర్డర్లతో నడుస్తాయి. మొదటి రెండు మూడు మీటింగుల్లో ఎవరి వైపూ చేరకండి, ఎవరు ఎందుకు ఎవరితో మాట్లాడరో గమనించండి.

కమిటీలో ఎవరి పని ఏంటి

కౌంటీ చైర్‌కి చాలాచోట్ల జీతం ఉండదు, ఫుల్‌టైం ఉద్యోగం అంత పని ఉంటుంది. సెక్రటరీ చేతిలో సభ్యుల జాబితా, మినిట్స్. వీటి కింద నిధులు, అభ్యర్థులను వెతకడం, ఓటరు నమోదు, సోషల్ మీడియా, వాలంటీర్లు అని సబ్‌కమిటీలు. పెద్ద కౌంటీల్లో పది ఇరవై ప్రిసింక్టులకు కలిపి ఒక ఏరియా లీడర్ కూడా ఉంటారు.

మనవాళ్లు వెళ్లగానే "ఔట్‌రీచ్" సబ్‌కమిటీలో వేస్తారు. దీపావళికి స్టాల్ పెట్టడం, సమోసాలు తేవడం. అది చేయండి, తప్పు లేదు, కానీ అక్కడే ఉండిపోకండి. నిర్ణయాలు జరిగేది నిధులు, బైలాస్, అభ్యర్థుల సబ్‌కమిటీల్లో. ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు మనలో కొదవ లేదు కదా, ఓటరు డేటా పని అడిగి తీసుకోండి, అది చేసేవాళ్లు అన్ని కమిటీలకీ కావాలి.

ప్రిసింక్ట్‌లో అసలు పని

లిస్టుతో మొదలవుతుంది. డెమోక్రాట్లు వ్యాన్ అనే డేటాబేస్ వాడతారు, ఫోన్‌లో దాని యాప్ మినీవ్యాన్. రిపబ్లికన్లకు వాళ్ల డేటా వ్యవస్థ వేరే ఉంది. చైర్ అయ్యాక లాగిన్ ఇస్తారు. ఎవరు ఏ ప్రైమరీలో ఎన్నిసార్లు ఓటేశారో అందులో ఉంటుంది.

ఆ లిస్టు పట్టుకుని ఇంటింటికీ తిరగడాన్ని టెక్సాస్‌లో బ్లాక్ వాకింగ్ అంటారు. ఎండాకాలం సాయంత్రం ఆరు దాటాక, లేదా శనివారం పొద్దున్నే. బెల్లు కొట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడండి, కెమెరాలో ముఖం కనపడేలా. ఇద్దరుగా వెళ్లండి. ఎవరూ లేకపోతే కరపత్రం తలుపుకి తగిలించండి, మెయిల్‌బాక్స్‌లో మాత్రం పెట్టకండి, స్టాంపు లేకుండా అందులో వేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. తెలుగువాళ్ల తలుపు తడితే వేరే సమస్య: లోపలికి రమ్మంటారు, టీ అంటారు, మీది ఏ ఊరు అంటారు, ముప్పై ఇళ్ల లిస్టులో మూడో ఇంటికే చీకటి పడుతుంది. వాళ్లను విడిగా వీకెండ్‌కి పెట్టుకోండి. అక్కడి పార్టీల గొడవ, టీడీపీనా వైసీపీనా బీఆర్ఎస్సా కాంగ్రెస్సా అన్నది ఆ గుమ్మం దగ్గర ఎత్తకండి, ఎత్తితే ఇక్కడి విషయానికి రానే రారు.

ఓటరు నమోదు చేయించాలంటే టెక్సాస్‌లో ముందు కౌంటీ దగ్గర వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం తీసుకోవాలి. పౌరులకే ఇస్తారు, చిన్న శిక్షణ ఉంటుంది. నింపిన ఫారాలు ఐదు రోజుల్లోపు అందజేయాలి, కారు డిక్కీలో పెట్టి మరిచిపోవడానికి లేదు. ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు గడువు ముగుస్తుంది. కొత్తగా పౌరసత్వం వచ్చిన పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామంది. ఇంగ్లిష్ రాదని వాళ్లు పోలింగ్‌కి వెళ్లరు. సాయానికి తమకు నచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లే హక్కు ఫెడరల్ చట్టంలోనే ఉంది, ఉద్యోగం ఇచ్చినవాళ్లూ యూనియన్ ప్రతినిధీ తప్ప ఎవరైనా రావచ్చు. ఇది ఒక్కటి ఇంటింటికీ చెప్పినా మీ ప్రిసింక్ట్‌లో ఓట్లు పెరుగుతాయి.

యార్డ్ సైన్ల (ఇంటి ముందు పెట్టే ప్రచార బోర్డులు) గురించి హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు బెదిరిస్తుంటారు. టెక్సాస్ చట్టం ప్రకారం ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి ఎన్నిక అయిన పదో రోజు దాకా మీ సొంత స్థలంలో పెట్టుకోనివ్వాలి. సైజు, సంఖ్య లాంటి షరతులు వాళ్లు పెట్టొచ్చు.

డబ్బు

పార్టీ ఆఫీసు అద్దె, ప్రింటింగ్, డేటా, ఇవన్నీ చిన్న నెలవారీ చందాలతో, ఏడాదికోసారి పెద్ద డిన్నర్‌తో నడుస్తాయి. రిపబ్లికన్ కౌంటీల్లో ఎక్కువగా లింకన్ పేరో రీగన్ పేరో పెడతారు, డెమోక్రాట్లవి ఒకప్పుడు జెఫర్సన్ జాక్సన్ డిన్నర్లు, చాలాచోట్ల ఈమధ్య పేరు మార్చారు.

ట్రెజరర్‌గా చేయమంటే ఆలోచించి ఒప్పుకోండి. ఫెడరల్ ఎన్నికలకు సంబంధించి ఒక కేలండర్ సంవత్సరంలో 5,000 డాలర్లకు మించి విరాళాలు వసూలైనా, 1,000 డాలర్లకు మించి ఖర్చు పెట్టినా ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ దగ్గర నమోదు కావాలి. రాష్ట్రం లెక్కలు టెక్సాస్ ఎథిక్స్ కమిషన్‌కి వేరే. గడువు తప్పితే జరిమానా.

మనవాళ్లకు ముఖ్యంగా మూడు జాగ్రత్తలు. కంపెనీ చెక్కు వద్దు, ఫెడరల్ అభ్యర్థికి కార్పొరేషన్ డబ్బు ఇవ్వకూడదు, కన్సల్టెన్సీ నడిపేవాళ్లు అయినా సొంత ఖాతా నుంచే రాయాలి. రెండు, ఒకరి పేరు మీద ఇంకొకరు ఇవ్వడం, అంటే మన బినామీ, ఇక్కడ నేరం. ఉద్యోగులతో చెక్కులు రాయించి తర్వాత వాళ్లకు డబ్బు తిరిగిచ్చినవాళ్లు జైలుకు వెళ్లారు. మూడు, నగదు 100 డాలర్లు దాటి తీసుకోకండి.

గుడి, తెలుగు సంఘం గురించీ ఇక్కడే చెప్పాలి. 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు అభ్యర్థుల తరఫున ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం ఉంది. మీరు వ్యక్తిగా ఏ పార్టీలోనైనా ఉండొచ్చు, కానీ ఉగాది వేదిక ఎక్కించి ఒక్క అభ్యర్థికి మైకు ఇవ్వడం, సంఘం మెయిల్ లిస్టు పార్టీకి ఇవ్వడం చేయకండి. పోటీలో ఉన్నవాళ్లందర్నీ పిలిచి సమానంగా సమయం ఇచ్చి సభ పెడితే అభ్యంతరం లేదు. మీ కమిటీ వాళ్లకి ఈ తేడా తెలియకపోవచ్చు, "మీ గుడిలో ఒక మీటింగు పెట్టిద్దామా" అంటారు, మీరే వద్దని చెప్పాలి.

పోలింగ్ నాడు

ప్రిసింక్ట్‌లో గత గవర్నర్ ఎన్నికలో ఏ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చాయో ఆ పార్టీ జాబితా నుంచి ప్రధాన ఎన్నికల జడ్జి, రెండో పార్టీ నుంచి ప్రత్యామ్నాయ జడ్జి. పేర్లు కౌంటీ చైర్లు ఇస్తారు, కమిషనర్స్ కోర్టు (పేరుకే కోర్టు, నిజానికి కౌంటీ పాలకమండలి) నియమిస్తుంది. ఈ పేర్లు నింపలేక చైర్లు అవస్థ పడుతుంటారు, కాబట్టి మీ ప్రిసింక్ట్ నుంచి ఇద్దరు ముగ్గురి పేర్లు ముందే ఇవ్వండి. ఇది డబ్బులిచ్చే పని. పదహారేళ్లు దాటిన పౌరులైన హైస్కూలు పిల్లలు కూడా స్కూలు, తల్లిదండ్రుల అనుమతితో క్లర్కుగా చేయొచ్చు, మన పిల్లలు కాలేజీ దరఖాస్తులకు వెతుక్కునే వాటికంటే ఇది ఎంతో మేలు.

పోలింగ్ కేంద్రం తలుపు నుంచి 100 అడుగుల లోపల ప్రచారం నిషేధం. టీషర్టు, టోపీ, బ్యాడ్జీ కూడా లెక్కలోకి వస్తాయి.

సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. మనవాళ్లు మొదట నిలబడేది ఎక్కువగా వీటికే. పార్టీ గుర్తు లేకపోయినా పార్టీ కమిటీలో రెండేళ్లు పని చేసినవాళ్లకు ఇంటింటికీ తిరిగే మనుషులు, లిస్టు పని తెలిసిన స్నేహితులు అప్పటికే ఉంటారు. హఠాత్తుగా బ్యానర్ కట్టి నిలబడినవాళ్లకు ఉండరు.

ప్రైమరీ తర్వాత కన్వెన్షన్లు

దీన్ని చాలామంది వదిలేస్తారు. ప్రైమరీలో ఓటేసినవాళ్లు ప్రిసింక్ట్ కన్వెన్షన్‌కి, అంటే ఆ ప్రిసింక్ట్ పార్టీ సభకి, వెళ్లొచ్చు. అక్కడి నుంచి డెలిగేట్లు (ఎంపికైన ప్రతినిధులు) కౌంటీ కన్వెన్షన్‌కి, ఒకటి కంటే ఎక్కువ సెనేట్ జిల్లాలున్న పెద్ద కౌంటీల్లో అయితే సెనేట్ జిల్లా కన్వెన్షన్‌కి, అక్కడి నుంచి రాష్ట్ర కన్వెన్షన్‌కి. పార్టీ ప్లాట్‌ఫామ్‌లో (పార్టీ విధానాల పత్రం) ఏ వాక్యం ఉండాలన్నది ఈ మెట్ల మీదుగానే పైకి వెళ్తుంది. మీ ప్రిసింక్ట్‌లో నలుగురే వస్తే ఆ నలుగురూ డెలిగేట్లు కావడానికి పెద్ద పోటీ ఉండదు. గ్రీన్‌కార్డు బ్యాక్‌లాగ్ మీద తీర్మానం కావాలంటే ఒక పేజీలో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాసి పట్టుకెళ్లండి. "ఇమిగ్రేషన్ సంస్కరణ కావాలి" అని ఊరికే రాస్తే కమిటీలో కొట్టుకుపోతుంది, ఏ చట్టంలో ఏ పరిమితి మారాలో రాస్తే చర్చకు వస్తుంది.

ఇల్లు మారితే ఒక సంగతి గుర్తుంచుకోండి. వేరే ప్రిసింక్ట్‌కి వెళ్లిపోతే మీ సీటు పోతుంది, అదే వీధి అవతలి వైపైనా సరే. వెళ్లేముందు సెక్రటరీకి రాతపూర్వకంగా చెప్పి, మీ వాలంటీర్ల నంబర్లు, వాకింగ్ నోట్సు ఏరియా లీడర్‌కి అప్పగించి, కొత్త ప్రిసింక్ట్‌లో సీటు ఖాళీగా ఉందో లేదో అదే మెయిల్లో అడిగేయండి.